ఎం.ఏ. కమ్యూనికేషన్‌కి అప్లై చేసినోళ్లు ఎవరన్నా ఉన్నారా? మీ అనుభవం జర చెప్పుండ్రి

ఓరుగల్లు_పోరడు:
అందరికీ నమస్తే. నాది వరంగల్ దగ్గర ఊరు. బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) అయిపోయి రెండేండ్లయింది, హైదరాబాద్‌ల కస్టమర్ సపోర్ట్ చేస్తున్న. ఎం.ఏ. కమ్యూనికేషన్‌కు అప్లై చేస్త అని ఇంట్ల చెప్పిన. మా బాపు "ఈసీఈల సదివింది కమ్యూనికేషనే గదరా, మళ్ల గదే సదువుతవా?" అన్నడు. మా దోస్తేమో ఇంగ్లిష్ మాట్లాడుడు నేర్పే కోర్సు అనుకున్నడు. నవ్వకుండ్రి, మీడియా, జర్నలిజం సదువని తప్ప నాకు కూడ ఎక్కువ తెల్వదు. బీటెక్ వాళ్లకు సీటు ఇస్తరా? సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్) ఒక్కటి రాస్తే సాలా? బీసీ-డి సర్టిఫికెట్ నడుస్తదా? ఎస్‌ఓపీల (ఈ కోర్సు ఎందుకు సదువుతనో రాసిచ్చే కాయితం) ఏం రాయాలె?

గచ్చిబౌలి_పాతకాపు:
మీ బాపు అన్న మాట మా క్లాసులో ఇద్దరు ఈసీఈ వాళ్ల ఇళ్లలోనూ అన్నారు. కాబట్టి బీటెక్ అని భయపడకు. నేను హెచ్‌సీయూలో (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ), సరోజినీ నాయుడు స్కూల్లో చదివాను. మా పక్కన బీకాం, బీఎస్సీ, లిటరేచర్, అన్ని రకాల వాళ్లూ ఉండేవాళ్లు.

సీయూఈటీ పీజీలో మనది మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం పేపరు. 75 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది, తెలుగు ఉండదు. హికీ పత్రిక (మన దేశంలో తొలి వార్తాపత్రిక) 1780, మెక్‌బ్రైడ్ కమిషన్ నివేదిక (ప్రపంచ మీడియా మీద యునెస్కోది) 1980, ఎజెండా సెట్టింగ్ (జనం దేని గురించి ఆలోచించాలో మీడియా తేల్చడం), ప్రెస్ కౌన్సిల్... ఇలాంటివి ఒక నెల కూర్చుంటే వచ్చేస్తాయి. ఉపగ్రహంతో పల్లెలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగం (1975-76) తప్పక చదువు. అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడు, పంచాయతీ ఆఫీసు ముందు చాపలేసుకుని టీవీ చూసిన వాళ్లు దొరికినా దొరకొచ్చు.

అసలు సంగతి ఇది: సీయూఈటీ రాసినంత మాత్రాన సీటు రాదు. స్కోరు వచ్చాక ప్రతి యూనివర్సిటీ పోర్టల్లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. నా రూమ్మేట్ తమ్ముడు మంచి స్కోరు తెచ్చుకుని, "వాళ్లే పిలుస్తారు" అని ఇంట్లో కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. ఏడాది పోయింది.

తిరపతి_చిన్నమ్మి:
సర్టిఫికెట్ గురించి నేను చెప్తాను, నాకు బాగా తగిలిన దెబ్బ అది. నాది బీసీ-బి. సర్టిఫికెట్ పదో తరగతప్పుడే తీసి, లామినేషన్ చేయించి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టినాము. ఒక సెంట్రల్ యూనివర్సిటీలో వెరిఫికేషన్‌కి అదే తీసుకుపోతే, టేబుల్ అవతల కూర్చున్నాయన వెనకా ముందూ తిప్పి చూసి వాపసు ఇచ్చేసినాడు. "ఇది స్టేట్‌ది. ఓబీసీ నాన్ క్రీమీ లేయర్, సెంట్రల్ ఫార్మాట్‌లో, ఈ ఆర్థిక సంవత్సరంది కావాల" అన్నాడు. గడువు మూడు దినాలు. మా ఊరి సచివాలయంలో అప్లికేషన్ పెడితే తహసీల్దారు సంతకానికే వారం పట్టింది. ఆ ఏడు సీటు పాయె.

రెండు మాటలు గుర్తు పెట్టుకో తమ్ముడూ. బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అనేవి మన రాష్ట్రాల లెక్క. మన లిస్టులో ఉండే కులాలన్నీ సెంట్రల్ ఓబీసీ లిస్టులో ఉండవు, ముందు అది చూసుకో. రెండోది, ఏప్రిల్ 1 దాటినాక కొత్తది తీయించుకో. ఆఫీసులో "మీ నాయనకి జీతం ఉండాది కదా, క్రీమీ లేయర్" అంటారు. 8 లక్షల లెక్కలో (ఓబీసీ కోటాకి అమ్మానాయనల ఏడాది ఆదాయం హద్దు అది, దాటితే క్రీమీ లేయర్) జీతం, సేద్యం మీద వచ్చేది కలపరు. మా నాయన ఆర్టీసీ కండక్టరు, ఈ ఒక్క మాట వాళ్లకి ఒప్పించడానికే రెండు సార్లు లీవు పెట్టినాడు. ఈడబ్ల్యూఎస్ (వేరే రిజర్వేషన్ లేని పేదల కోటా) వాళ్లకి మాత్రం అన్నీ కలిపే చూస్తారు.

పాత_రిపోర్టర్:
బాబూ, అందరూ సెంట్రల్ సెంట్రల్ అంటున్నారు, పక్కనున్నది చూడరేం? ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. దానికి సీపీగెట్ (తెలంగాణ పీజీ ఎంట్రెన్స్) రాయాలి. వంద ప్రశ్నలు, గంటన్నర టైము, నెగెటివ్ మార్కుల్లేవు. ఆంధ్రా వైపు వాళ్లకి ఏపీపీజీసెట్. తెలుగులో రాసే పని మీదే ప్రాణం ఉంటే తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. ఇప్పుడు దానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. 1926లో గోలకొండ పత్రిక నడిపిన సంపాదకుడి పేరున్న చోట జర్నలిజం చదవడం నాకైతే ముచ్చటగా ఉంటుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. రిపోర్టర్ అవడానికే అయితే ఎం.ఏ. అక్కర్లేదు. నేను బీఏ ఫెయిలై స్ట్రింగర్‌గా (నెల జీతం లేని విలేకరిగా) చేరాను, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చైన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికాను. పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పుతాయి (బాండు మాత్రం చదివి సంతకం పెట్టు). ఎం.ఏ. దేనికంటే, పాఠం చెప్పాలన్నా, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలన్నా, పరిశోధన చెయ్యాలన్నా. ఎం.ఏ.కి సమానమని గుర్తింపు లేని పీజీ డిప్లొమాతో నెట్ రాయనివ్వరు, పేరు చూసి మోసపోకు.

గచ్చిబౌలి_పాతకాపు:
@పాత_రిపోర్టర్ సార్‌తో సగం ఏకీభవిస్తా. మా బ్యాచ్‌లో విలేకరులైనవాళ్లు నలుగురే. మిగతావాళ్లు యూనిసెఫ్ ప్రాజెక్టులు, ఓటీటీ కంపెనీలు, పీఆర్, పీహెచ్‌డీ. నేను క్లాసుల్లో కన్నా బోల్ హైదరాబాద్ 90.4 క్యాంపస్ రేడియోలో ఎక్కువ నేర్చుకున్నా.

లబక్_అక్క:
నేను టెక్సాస్‌లో ఎం.ఏ. కమ్యూనికేషన్ చేశాను. ఇక్కడి సంగతి ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నా.

మాది విజయవాడ. అక్కడ ఒక కన్సల్టెన్సీకి వెళ్తే కమ్యూనికేషన్ అనగానే ఆయన మొహం మాడ్చుకుని, "డేటా సైన్స్ పెట్టుకోమ్మా, ఇది చేస్తే ఎవరిస్తారు ఉద్యోగం" అన్నాడు. ఆయనకి తెలియంది ఏంటంటే, ఇక్కడ స్టేట్ యూనివర్సిటీల్లో డిగ్రీ పిల్లలు చాలామంది పబ్లిక్ స్పీకింగ్ కోర్సు తీసుకుంటారు. ఆ సెక్షన్లు చాలావరకు ఎం.ఏ. వాళ్ల చేతే చెప్పిస్తారు. దాన్ని గ్రాడ్యుయేట్ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. వారానికి 20 గంటల పని, ట్యూషన్ మాఫీ, పైన నెల నెలా స్టైపెండు. ఎం.ఎస్. చేసే మా అన్నయ్య అప్పు కడుతుంటే, నేను అమ్మకి డబ్బులు పంపాను. మొదటి రోజు క్లాసులో ఇరవై నాలుగు మంది తెల్ల పిల్లలు, నా కాళ్లు వణుకుతున్నాయి, చాక్‌పీస్ రెండు ముక్కలైంది. అది వేరే కథ.

దీనికి టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) మొత్తం స్కోరు కన్నా స్పీకింగ్ సెక్షన్ స్కోరు ముఖ్యం, ఎందుకంటే క్లాసు చెప్పాలి కాబట్టి. అడ్మిషన్ గడువు ఏప్రిల్ అని రాసినా, ఫండింగ్ కావాలంటే జనవరికల్లా అన్నీ పడిపోవాలి. మూడు రికమెండేషన్ లెటర్లు అడుగుతారు. మన దగ్గర మాస్టార్లు "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు కదా. అలా మూడూ నువ్వే రాస్తే మూడింట్లోనూ ఒకే గొంతు వినిపిస్తుంది, చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన క్లాసులో నువ్వు చేసిన పని ఒకటి గుర్తుచేసి, ఆయన చేతే రాయించు. ఇంకోటి, ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) ఏడాదే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు అయితేనే మరో 24 నెలలు. కమ్యూనికేషన్‌లో చాలా కోర్సులు స్టెమ్ కావు, ముందే అడుగు.

ఓరుగల్లు_పోరడు:
అక్కా, అమెరికా మనకు ఇప్పట్ల కాదు గని, లెటర్ల తీరు అర్థమయింది. ఇగ ఎస్‌ఓపీ సంగతి చెప్పుండ్రి. ఒక ప్రైవేటు కాలేజీ, ఢిల్లీల ఒకటి ఎస్‌ఓపీ అడుగుతున్నయి. నాది షురూ ఇట్లున్నది: "చిన్నప్పటి నుంచి నాకు మీడియా అంటే ఎంతో ఆసక్తి. నేటి ఆధునిక ప్రపంచంలో కమ్యూనికేషన్ పాత్ర ఎనలేనిది..."

తిరపతి_చిన్నమ్మి:
తమ్ముడూ, ఇది నా ఎస్‌ఓపీనే 😄 మొదటేడు నేనూ ఇదే రాసినాను.

గచ్చిబౌలి_పాతకాపు:
ఆ రెండు వాక్యాలూ కొట్టెయ్. మీ ఊళ్లో ఒక కబురు ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పు. నన్ను ఢిల్లీలో ఇంటర్వ్యూలో కమ్యూనిటీ రేడియో గురించి అడిగారు. అంతకు ముందు వారమే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ వెళ్లి సంఘం రేడియో చూసొచ్చా. 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న స్టేషన్ అది. విత్తనాల గురించి ఒకామె మైకు ముందు ఎలా మాట్లాడిందో చెప్తే, పది నిమిషాల ఇంటర్వ్యూ అరగంట నడిచింది.

ఓరుగల్లు_పోరడు:
మా ఊళ్లె అయితే... పింఛన్లు ఎప్పుడిస్తరో ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల ఏస్తున్నరు. పింఛన్ తీసుకునే ముసలోళ్లకేమో ఫోన్లు లెవ్వు. మా నాయనమ్మ పోయిన నెల రెండు సార్లు ఉత్తగనే పోయొచ్చింది. ముందు డప్పు చాటింపు ఉండేది. గిదేం రాస్త, చిన్న ముచ్చట గద?

లబక్_అక్క:
తమ్ముడూ, అదే రాయి! గ్రూపులో ఎవరెవరున్నారు, ఎవరు లేరు, చాటింపు ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపారు? మా ప్రొఫెసర్ చేతికిస్తే దాంతో రెండు సెమిస్టర్లు గడిపేస్తుంది.

పాత_రిపోర్టర్:
చాటింపు వేసే మనిషిని కలిసి మాట్లాడావా? ఆయన్ని అడగకుండా రాయకు.

ఓరుగల్లు_పోరడు (పది రోజుల తర్వాత):
ఐతారం ఊరికి పోయిన. సర్టిఫికెట్‌కు మీసేవల ఫీజు కట్టి రసీదు తీసుకున్న. చాటింపు తాత ఇంటికి కూడ పోయిన. డప్పు అటక మీద ఉన్నది, దుమ్ము పట్టి. ఎందుకు బంద్ చేసినవ్ తాతా అంటే "నేనేడ బంద్ జేసిన బిడ్డా? నన్ను పిలుస్తలేరు" అన్నడు. ఎస్‌ఓపీ ఇప్పుడు ఆ మాటతోని షురూ అయితది.

గిది ఒక్కటి చెప్పుండ్రి: సీయూఈటీ ఫారంల ఫోటో ఎక్కుతలేదు, సైజు ఎక్కువ అంటున్నది.

తిరపతి_చిన్నమ్మి:
స్టూడియోలో తీయించుకున్నది అట్లే పెట్టబాక. ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో ఎన్ని కేబీలో ఉంటుంది, ఫోన్లోనే తగ్గించు. సంతకం కూడా తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీయి, గీతల కాగితం వద్దు.