డాలరు లీజు మోటారు బోట్లు: దేశభక్తా, షావుకార్ల సరదానా?

తీరంగాలి: 1917 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగిన అమెరికా, ప్రైవేటు షికారు బోట్లను గస్తీకి తీసుకుంది. కొన్నిటిని కొన్నది, కొన్నిటిని ఉచితంగానో, నామమాత్రం ఒక డాలరుకో లీజుకు తీసుకుంది. చిన్న ఫిరంగి బిగించి, ఎస్‌పీ (సెక్షన్ పెట్రోల్, అంటే తీర గస్తీ) నంబరు ఇచ్చి పంపింది. కొన్నిటికి ఓనరే నౌకాదళ రిజర్వులో చేరి కమాండరయ్యాడు. నాకిది డబ్బున్నవాళ్ల సరదాలా ఉంది. ఒక్క జలాంతర్గామినైనా ముంచాయా?

పాతలంగరు: ఎస్‌పీ నంబరున్న లిడోనియాకు 1918 మేలో జర్మన్ జలాంతర్గామి యూబీ-70ని ముంచిన ఘనత బ్రిటిష్ నౌకతో కలిపి ఇచ్చారు. అయితే అది పెద్ద యాట్ లెండి, మోటారు బోటు కాదు. అసలు లెక్క మునిగినవాటితో వేయకూడదు. 1917 మే 4కే మన ఆరు డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ చేరాయి. అవి వెళ్లిపోతే రేవు ముఖద్వారం దగ్గర జలాంతర్గాములను ఆపే వల కాపలా, వచ్చే ఓడల తనిఖీ ఎవరు చేయాలి? ఆ చాకిరీ ఈ బోట్లదే.

తీరంగాలి: కాపలా ఉండి ఏం లాభమండీ? 1918 జూన్ 2న జర్మన్ జలాంతర్గామి యూ-151 ఒక్కరోజులో న్యూజెర్సీ తీరం దగ్గర ఆరు ఓడలను ముంచింది. దానివి 150 మి.మీ. ఫిరంగులు. మన గస్తీ బోటుది సాధారణంగా 37 మి.మీ. ఇవి చాలవనే కదా జలాంతర్గాములను వేటాడే 110 అడుగుల సబ్‌మెరైన్ చేజర్లు 441 కట్టించారు?

పాతలంగరు: అవి కట్టేదాకా సముద్రం ఆగదుగా! ఆ నెలల్లో ఉన్నదాంతోనే నెట్టుకురావాలి. యూ-151 దాడి చేసింది బయటి సముద్రంలో, రేవులో కాదు.

గోదారిలాంచీ: ఓనరుకు కమాండ్ ఇవ్వడం నాకు తప్పనిపించదు. ఏ ఇసుక మేట ఎక్కడుందో లాంచీ సరంగుకు తెలిసినట్టు కొత్తగా వచ్చిన ఆఫీసరుకు తెలుస్తుందా?

తీరంగాలి: సరే, జీతమిచ్చి సరంగుగానే పెట్టుకోవచ్చుగా. ఆఫీసరు టోపీ ఎందుకు?

పాతలంగరు: బ్రిటిష్ కెప్టెన్ ఫ్రయాట్ గుర్తున్నాడా? మామూలు ప్రయాణికుల ఓడ నడిపేవాడు. 1915లో తనను ఆపబోయిన జర్మన్ జలాంతర్గామి యూ-33 మీదికి ఓడను తిప్పాడు. మరుసటి ఏడు జర్మన్లకు చిక్కితే, సైనికుడు కాని నువ్వు మా మీద దాడి చేశావంటూ కాల్చి చంపారు. చేతికి ఫిరంగి ఇచ్చి టోపీ ఇవ్వకపోతే ఆ ఓనరు గతీ అంతే.

తీరంగాలి: ఫ్రయాట్ సంగతి తట్టలేదు. టోపీ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ 37 ఫిరంగి మాట మాత్రం వదలను.