4,000 పింఛనులో కేంద్రం సొమ్ము ఎంత? ఒక కన్ను పోతే దివ్యాంగుల పింఛను వస్తుందా?

గట్టుమీద_చింతచెట్టు
మా వీధిలో ఒక పెద్దాయనకు 81 ఏళ్లు. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 అందుతోంది. 80 దాటితే కేంద్రం 500 ఇస్తుందట, అది విడిగా రావాలి కదా అంటున్నారు. దానికి వేరే దరఖాస్తు ఏమైనా ఉందా? ఆయన తమ్ముడికి 58 ఏళ్లు, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగానే ఉంది. 6,000 దివ్యాంగుల పింఛనుకు పెట్టొచ్చా? తెలిసినవారు చెప్పండి.

పద్దులరాయుడు
వేరే దరఖాస్తు లేదండీ, వేరే 500 కూడా రాదు. ఆయన పేరు కేంద్రం లెక్కలో ఉంటే ఆ 500 ఇప్పటికే ఆ 4,000 లోపలే ఉంటుంది.

కేంద్ర పథకం పేరు జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం, ఎన్‌ఎస్‌ఏపీ. 1995 ఆగస్టు 15న నెలకు 75 రూపాయలతో మొదలైంది. ఇప్పుడు 60 నుంచి 79 ఏళ్ల వరకు 200, 80 నిండితే 500. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికే, అదీ రాష్ట్రానికి ఇంతమంది అని కట్టిన పరిమితి లోపలే. ఆ జాబితాలో ఎవరిని చూపాలో రాష్ట్రమే తేలుస్తుంది. మిగతావారికి మొత్తం రాష్ట్ర ఖజానా నుంచే. అందుకే మీ పెద్దాయనకు 80 నిండిన రోజున చేతికొచ్చేది మారలేదు. జాబితాలో ఉంటే రాష్ట్రం వాటా 3,800 నుంచి 3,500కు తగ్గింది, అంతే తేడా.

ఆంధ్రలో పింఛను 2014లో 1,000 అయింది, 2019 జనవరిలో 2,000, అదే ఏడాది జులైలో 2,250, 2024 జనవరికి 3,000, జులైకి 4,000. ఇన్నేళ్లలో కేంద్రం 200 మాత్రం కదల్లేదు. 2024-25లో ఎన్‌ఎస్‌ఏపీకి దేశం మొత్తానికి పెట్టింది 9,652 కోట్లు. ఆంధ్ర ఒక్కటే పింఛన్లకు నెలకు 2,700 కోట్ల దాకా ఖర్చు చేస్తోంది, నాలుగు నెలలకే ఆ మొత్తం దాటిపోతుంది. రేపు కేంద్రం 200ను 1,000 చేసినా, రాష్ట్రం తన వాటా తగ్గించుకోకపోతేనే ముసలాయన జేబులోకి వెళ్తుంది. ఎవర్ని అడగాలో దీన్నిబట్టి మీరే చూసుకోండి.

సదరం_దారి
తమ్ముడి సంగతి. దివ్యాంగుల పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. చూపు శాతం కట్టేది మెరుగైన కన్నును బట్టి, అదీ అద్దాలు పెట్టి చూశాక. ఒక కన్ను 6/18 లేదా అంతకన్నా బాగుంటే, రెండోది పూర్తిగా పోయినా 30 శాతమే వేస్తారు. కాబట్టి ఇప్పుడున్న చూపుతో రాదు. రెండు కళ్లూ 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 40. మెరుగైన కన్నులో కూడా 3/60 కన్నా తక్కువ ఉంటే అంధత్వం కింద 90, చేతి కదలికో వెలుగో తప్ప ఏమీ తెలియకపోతే 100. (6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చేది ఈ కన్ను 6 మీటర్లకొస్తేగానీ పోల్చలేదని.) దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే 300 రూపాయల వాటాకైతే 80 శాతం కావాలి.

సచివాలయంలో సదరం (వైకల్య శాతం తేల్చి పత్రం ఇచ్చే వైద్య పరీక్ష) స్లాటు తీసుకుని వెళ్లేటప్పుడు వాడుతున్న అద్దాలు, పాత ఆపరేషన్ కాగితాలు తప్పకుండా పట్టుకెళ్లాలి. శుక్లం ఉంటే ముందు ఆపరేషన్ చేయించుకోమంటారు, నయమయ్యేదానికి శాశ్వత శాతం వేయరు. పత్రంలో "తాత్కాలికం" అని ఉంటే గడువు తేదీ చూసుకుని ఆలోపే మళ్లీ స్లాటు పెట్టండి. చాలామంది పింఛను ఆగాక పరిగెత్తేది ఇక్కడే.

ఆయనకు 60 నిండాక వృద్ధాప్య పింఛను దారి ఉంది. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి. మామూలుగా దాన్ని ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి సరైన పత్రంతోనే వెళ్లాలి. మాగాణి 3 ఎకరాల లోపు, కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. కొడుకు పేరు మీద కారు ఉండి అదే రేషన్ కార్డులో ఉంటే అక్కడే ఆగుతుంది.

గట్టుమీద_చింతచెట్టు
ధన్యవాదాలండీ. పెద్దాయనకు వేలిముద్ర పడటం లేదు. ఐరిస్ కూడా ఒక్కోసారి తీసుకోదు. వచ్చే నెల కూతురి ఊరికి వెళ్తానంటున్నారు.

సదరం_దారి
వేళ్లు తడిగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టించి చూడండి. అరిగిన బొటనవేలి మీదే పదిసార్లు నొక్కేకంటే వేరే వేలు నయం. కంటిపాప మీద తెల్లటి పొర ఉన్నా, పెట్టుడు కన్ను అయినా ఐరిస్ చదవదు, రెండో కన్ను పెట్టమనండి, లేదా ముఖ గుర్తింపు అడగండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇప్పిస్తే కొన్నాళ్లు ఇబ్బంది ఉండదు.

ఊరికి వెళ్తే భయం లేదు. ఒకటి, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు కనిపించకపోతే వలస వెళ్లారని రాసి ఆపేస్తారు. ఒకటో తేదీ సెలవైతే ముందు రోజే పంచుతారు, బస్సు టికెట్ తీసుకునే ముందు అది చూసుకోండి.

వరంగల్_బాట
కూతురి ఊరు తెలంగాణలో ఉంటే ఒక మాట. అక్కడి ఆసరా వేరు: వృద్ధులకు 2,016, దివ్యాంగులకు 4,016. ఆంధ్ర పింఛను అక్కడికి బదిలీ కాదు. ఆధార్ చిరునామా తెలంగాణకు మార్చితే ఉన్నదానికే ఎసరు రావచ్చు, మార్చనివ్వకండి.