అప్‌డేట్: సిలికా ధూళి పరీక్షకు ఏ ఊపిరితిత్తుల నమూనా?

క్వారీ సిలికా ధూళి మీద పనిచేస్తున్నాను. ద్రవంలో మునిగి పెరిగే ఏ549 కణాల (ల్యాబ్‌లో పెంచే మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు) మీద ధూళి కలిపి చూస్తే సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. సరిపోదు.

మీడియంలో, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలో, ధూళి ముద్దలు కడుతుంది, కణాలకు ఎంత తగిలిందో తేలదు. అందుకే ఎయిర్-లిక్విడ్ పద్ధతికి మారాం: సన్న రంధ్రాల పొర మీద కణాలు, కింద గులాబీ రంగు మీడియం, పైన గాలి. పొర మీదికి చెమ్మ ఊరిందంటే కణాలు ఇంకా బిగుసుకోలేదన్నమాట. ఏ549కి ఆ బిగువు సహజంగానే తక్కువ. కాలూ-3 అనే మరో రకం ఊపిరితిత్తుల కణాలతో పైభాగం పొడిగా నిలిచింది. కానీ అవి శ్వాసనాళపు కణాలు, సిలికోసిస్ (సిలికా ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) తెచ్చే సన్న ధూళి చేరేది ఊపిరితిత్తుల లోపలి గాలి గదులకు. కాబట్టి నాకు ఇది సగం జవాబే. పడిన ధూళి బరువును పక్కనే పెట్టిన క్వార్ట్జ్ మైక్రోబ్యాలెన్స్ (అతి చిన్న బరువులు కొలిచే పరికరం) చెబుతోంది, అది మాత్రం గొప్ప ఊరట.

లంగ్ చిప్ (ఊపిరితిత్తిని అనుకరించే, కణాలు పెంచిన చిన్న పరికరం) సూచించినవారికి: 2010లో హార్వర్డ్ వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డాన్ హూ, డొనాల్డ్ ఇంగ్‌బర్ బృందం చేసినది చదివాను. 10 మైక్రాన్ల మందం పొరను ఊపిరి పీల్చినప్పటిలా సాగదీస్తే సిలికా నానోరేణువులకు కణాల స్పందన బాగా పెరిగింది. కదలని ప్లేటులో అది కనబడదు. మా దగ్గర ఆ ఏర్పాటు లేదు.

కాబట్టి మా నమూనాకు ముందుగా మాక్రోఫేజ్‌లు (బయటి రేణువులను మింగే రక్షక కణాలు) చేర్చాలి. సిలికాను మింగి దెబ్బతినేవి, వాపు మొదలుపెట్టేవి అవే. మాక్రోఫేజ్‌లుగా మార్చి వాడే టీహెచ్‌పీ-1 కణాలను పొర పైభాగాన ఆరిపోకుండా నిలిపినవారు ఉంటే, ఎంత మీడియంతో వేశారో చెప్పండి.