సమస్యాపూరణం: రంగు లేని చోట రంగు లొలికె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య నాకు ప్రాణమైన యాభైల సినిమాల మీద.

రంగు లేని చోట రంగు లొలికె

ఆటవెలది చివరి పాదం ఇది. మొదటి మూడు పాదాలు మీవి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల చిన్న గణాలు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల పెద్ద గణాలు); రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, తప్పకూడదు.

తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా లవకుశ 1963లో వచ్చింది. అంతకు ముందు యాభైల్లో మనవాళ్లు నలుపు తెలుపుల్లోనే ఎన్ని రంగులు చూపించారో నాకు తెలిసినంతవరకు చెబుతాను. నా మటుకు నాకు ఆ దశాబ్దంలో అయిదు సినిమాలు: మాయాబజార్, మల్లీశ్వరి, మిస్సమ్మ, దేవదాసు, పాతాళభైరవి. వరుస కూడా ఇదే. కన్యాశుల్కాన్ని, పెద్దమనుషుల్ని వదిలేసినందుకు ఎవరైనా నిలదీస్తే ఒప్పుకుంటాను, కానీ వరుస మార్చను. ఇందులో మూడింటికి, అంటే పాతాళభైరవికి, మిస్సమ్మకు, మాయాబజార్‌కు కెమెరా పట్టింది మార్కస్ బార్ట్‌లీ. ఆ పేరు గుర్తుంచుకొని పద్యం మొదలుపెట్టండి.

ఒకే ఒక్క షరతు. "పాత సినిమాలు గొప్పవి" అని పద్యం రాయొద్దు. ఏ సినిమా, అందులో ఏ ఘట్టం, అక్కడ రంగు ఎలా పుట్టింది? అది కనిపించాలి.

వెన్నెలదారి:
తెలుపు నలుపు కలియ దివ్వెల వెలుగులో
బొమ్మ కదలి పాట పూలు పూసె
వెండి తెరను నాటి వెన్నెల మెరిసిన
రంగు లేని చోట రంగు లొలికె

నిర్వాహకుడు:
ధార బాగుంది వెన్నెలదారి గారూ, యతులన్నీ సరిపోయాయి. రెండో పాదంలో ఒక దోషం ఉంది. "కదలి" అన్నప్పుడు కదిలేదీ పూసేదీ ఒకటే కావాలి. ఇక్కడ కదిలింది బొమ్మ, పూసింది పాట. "బొమ్మ కదల పాట పూలు పూసె" అంటే గణం చెడదు, అన్వయం కుదురుతుంది. అసలు లోటు వేరే ఉంది. ఈ పద్యాన్ని ఆ దశాబ్దంలోని ఏ సినిమాకైనా తగిలించవచ్చు. మీకు నచ్చిన సినిమా ఏదో నాకు తెలియలేదు.

వెన్నెలదారి:
"కదల" సరే, మార్చుకుంటాను. నా సినిమా మాయాబజారే. ఇంకోటి రాసుకొస్తాను, ఆగండి.

బళ్లారి బండి:
మాకు హంపి దగ్గర, కాబట్టి మల్లీశ్వరి నాది.

మల్లి నాగరాజు మబ్బుల పరుగులో
బండి తోలు వేళ పాట సాగె
రాలు కరిగి పూల రాశులై నిలువగ
రంగు లేని చోట రంగు లొలికె

ఓరుగల్లు మాస్టారు:
పద్యం నడక చక్కగా ఉంది నాయనా. మబ్బుల పరుగు, బండి పరుగు ఒకదాని వెంట ఒకటి రావడం ముచ్చటగా ఉంది. ఇక్కడ నా అనుమానం ఒకటే. వానకు ముందు ఎద్దుబండి మీద పాడుకుంటూ పోతున్న ఇద్దరికీ రంగుల కొరత ఎక్కడ? వాళ్ల దగ్గర ఉన్నన్ని రంగులు రాయలవారి దగ్గర కూడా లేవు. మరి "రంగు లేని చోట" ఏది? మూడో పాదంలో రాళ్లు ఉన్నట్టుండి ఎందుకు కరిగాయి?

నిర్వాహకుడు:
మాస్టారు పట్టుకున్నది అసలైన చోటు. 1951లో బి.ఎన్.రెడ్డి గారు వాహినీలో తీసిన ఈ కథలో రంగు లేని చోటు ఒకటుంది. అది రాణివాసం. మారువేషంలో వచ్చిన రాయలతో నాగరాజు వేళాకోళానికి ఒక మాట అంటాడు, పల్లకీ నిజంగానే వచ్చి మల్లిని తీసుకుపోతుంది. అక్కడ ఆమెకు అన్నీ ఉన్నాయి, బావ తప్ప. తర్వాత నాగరాజు శిల్పిగా ఆ నగరానికే వస్తాడు, చెక్కుతున్న రాళ్ల మధ్యే మల్లి ఎదురవుతుంది. మీ పద్యంలో బండీ ఉంది, రాయీ ఉంది. వాటి మధ్య ఎడబాటు లేదు. ఆ ఎడబాటుకు చోటిస్తే సమస్య దానంతటదే విడిపోతుంది.

బళ్లారి బండి:
రాత్రంతా ఇదే పని. ఇప్పుడు చూడండి.

మల్లి నాగరాజు మబ్బుల పరుగులో
బండి తోలు నాటి పాట తలచ
రాణి వాస మందు రాతి కంబాలలో
రంగు లేని చోట రంగు లొలికె

ఓరుగల్లు మాస్టారు:
శభాష్! "తోలు వేళ" పోయి "తోలు నాటి" రావడంతో పద్యానికి గతం, వర్తమానం రెండూ వచ్చాయి. "సాగె" బదులు "తలచ" పెట్టడం ఇంకా మంచి పని. పాట ఇప్పుడు ఆమె లోపల ఉంది.

నిర్వాహకుడు:
ఈ ఒక్క సినిమా గురించి ఇంకాస్త చెప్పనివ్వండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారికి ఇది మొదటి సినిమా. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. భానుమతి గారు పాడుతుంటే మాటకు, రాగానికి మధ్య అతుకు కనిపించదు. కృష్ణశాస్త్రి గారి మాటల్లో మబ్బుంటే మబ్బు రంగు కనిపిస్తుంది, ఆకు ఉంటే ఆకుపచ్చ కనిపిస్తుంది. తెర మీద ఉన్నది బూడిద రంగే. నేను ఈ సమస్య ఇవ్వడానికి కారణం ఆ సినిమానే.

కోట సెంటర్:
పాతాళభైరవి మీద నా ప్రయత్నం.

తోట రాము డపుడు పాతాళ భైరవిన్
మాంత్రికునికి తానె మాయ చూపె
కొండ గుహల లోన కోరిన వరమంద
రంగు లేని చోట రంగు లొలికె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో తో–పా యతి కుదరదు. పైగా "భైరవిన్" అనే కర్మకు క్రియ లేదు. "తోట రాము డపుడు దొరసాని కోసమై" అనండి, రెండు చిక్కులూ తీరుతాయి. రెండో పాదం నాకు నచ్చింది. బలివ్వబోయిన మాంత్రికుడినే బలిచ్చి వరం పొందడం ఆ కథకు కీలకం, దాన్ని అయిదు గణాల్లో పట్టారు. గుహ చీకటి కాబట్టి "రంగు లేని చోట" కూడా నప్పింది.

గౌతమీ తీరం:
దేవదాసు మీద రాయకుండా ఉండలేకపోయాను.

దేవదాసు కథకు తీరని వెతలకు
కంట నీరు తప్ప కాన మేమి
పారు లేని యూర పాడైన గుండెలో
రంగు లేని చోట రంగు లొలికె

పాలమూరు పద్యం:
అక్కా, మూడు పాదాలూ చదివి గుండె బరువెక్కింది. కానీ నాలుగో పాదం ఒప్పుకోవడం లేదు. కన్నీరు తప్ప ఏమీ కనిపించదని మీరే అన్నారు. మరి ఆ పాడైన గుండెలో రంగులు ఎక్కడివి?

గౌతమీ తీరం:
నిజమే తమ్ముడూ. దుఃఖం రాశాను గానీ దాన్నుంచి వచ్చిన అందం రాయలేదు. ఆ సినిమాలో అందం ఎక్కడ ఉందని నన్ను అడిగితే ఘంటసాల గారి గొంతులో అంటాను.

దేవదాసు కథకు తీరని వెతలకు
కంటి నీరె మందు కాగ తుదకు
పారు లేని యూర పాడిన గళమున
రంగు లేని చోట రంగు లొలికె

పాలమూరు పద్యం:
"మందు" దగ్గర ఆగిపోయాను అక్కా! దేవదాసు కథలో ఆ మాటకు రెండర్థాలూ చెల్లుతాయి. "పాడైన" కాస్తా "పాడిన" అయ్యేసరికి పద్యమే మారిపోయింది.

నిర్వాహకుడు:
1953లో సినిమా విడుదలయ్యే నాటికి సంగీత దర్శకుడు సుబ్బరామన్ గారు లేరు. ఆ పాటలు వింటున్నప్పుడు నాకు ఆ సంగతి ప్రతిసారీ గుర్తొస్తుంది. ఇక అక్కినేని కళ్లు. ఆ మగత చూపు కోసం రాత్రిపూట పెరుగన్నం తిని షూటింగ్ చేశామని ఆయనే చెప్పుకున్నారు. రంగుల సినిమా అయితే కళ్లకు ఎర్రజీర పూసి చూపించేవాళ్లు. ఇక్కడ వాలిపోయే రెప్పలతోనే పని జరిగింది. గౌతమీ తీరం గారి సవరించిన పద్యం ఇప్పటివరకు వచ్చిన వాటిలో ముందుంది.

తెనాలి తోట:
పెండ్లి లేని పెళ్లికథ నాది, మిస్సమ్మ.

మేరి యనుచు వచ్చి మెల్లగా మహలక్ష్మి
యైన తీరు చూడ హాయి గొలిపె
పెండ్లి లేని జంట పెండిలి నటియింప
రంగు లేని చోట రంగు లొలికె

ఓరుగల్లు మాస్టారు:
పాదం చివర "మహలక్ష్మి", తర్వాతి పాదం మొదట "యైన". యడాగమంతో, అంటే అచ్చు ముందు "య" చేర్చి, పాదాన్ని దాటించారు, యై–హా యతి కూడా శాస్త్రీయమే. మేరీని "మేరి" అని కురచ చేయడం పేర్ల విషయంలో చెల్లుతుంది.

నిర్వాహకుడు:
ఇప్పటిదాకా అందరూ "రంగు"ను తెర మీది రంగుగానో, ఆనందంగానో తీసుకున్నారు. తోట గారు దాన్ని అనురాగం అన్నారు. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడి అప్పాపురం చేరిన ఇద్దరి మధ్య మొదట ఏ రంగూ లేదు. నటిస్తూ నటిస్తూ అది నిజమైంది. 1955 నాటి ఈ సినిమాలో మేరీ పాత్రకు ముందు అనుకున్నది భానుమతి గారిని. తర్వాత సావిత్రి గారికి వచ్చింది. ఆమె ఉడుకుమోత్తనం, ఆ మూతి విరుపు లేని మిస్సమ్మను నేను ఊహించుకోలేను. చందమామను పిలిచి గోడు చెప్పుకునే పాటలో ఇద్దరి మొహాల మీదా పడే ఆ చల్లని వెలుగు చూడండి. అక్కడ కోపం ఉంది, దానికింద ఇష్టం ఉంది, రెండూ బార్ట్‌లీ వెలుగులో విడివిడిగా కనిపిస్తాయి.

కొత్త బంగారం:
ఒక సందేహం. మాయాబజార్‌కు 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు కదా. నేను మొదట చూసింది అదే. మరి ఆ సినిమాకు ఈ సమస్య వర్తిస్తుందా?

నిర్వాహకుడు:
వర్తిస్తుంది. ఆ రంగుల ప్రతి వల్ల మీ తరం పిల్లలు హాలుకు వెళ్లి మాయాబజార్ చూశారు, ఆ మేలు నేను కాదనను. కానీ ఒక్కసారి 1957 నాటి ప్రతి కూడా చూడండి. లాహిరి పాటలో నీళ్ల మీద వెన్నెల తునకలు తునకలుగా మెరుస్తుంది. అక్కడ బార్ట్‌లీ నలుపుకు, తెలుపుకు మధ్య ఎన్ని ఛాయలు పెట్టారో లెక్కపెట్టలేం. రంగు వేసిన ప్రతిలో చూపు బట్టల మీదికి, నగల మీదికి పోతుంది. పాత ప్రతిలో వెన్నెల మీదే నిలుస్తుంది. తర్వాత మలయాళంలో చెమ్మీన్‌ను రంగుల్లో చిత్రీకరించిందీ ఆయనే. అంటే రంగు చేతగాక నలుపు తెలుపుల్లో తీసిన మనిషి కాదు.

వెన్నెలదారి:
సమయానికి ఆ పాటే ఎత్తారు. నా రెండో పద్యం:

పండు వెన్నెలందు పడవలో శశిరేఖ
పాట పాడె మనసు పరవశింప
తెడ్డు తానె వేయు తీయని జతకు స
రంగు లేని చోట రంగు లొలికె

ఓరుగల్లు మాస్టారు:
అబ్బ! మూడో పాదం చివరి "స"ను నాలుగో పాదంతో కలిపి చదవండి అందరూ. "సరంగు లేని చోట." సమస్య పాదంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మొత్తం మారింది. సమస్యాపూరణంలో దీన్ని మించిన ఒడుపు లేదు.

పాలమూరు పద్యం:
మా వైపు సరంగు అనే మాట తక్కువ. పడవ నడిపే పెద్దనేగా?

గౌతమీ తీరం:
అవును తమ్ముడూ, మా గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ని సరంగు అనే పిలుస్తాం. ద్వాపరయుగంలో సరంగు ఉండడు అని ఎవరైనా అంటే, ఆ పాట రాసిన పింగళి వారే ఘటోత్కచుడి చేత "ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి" అనిపించారు కదా!

నిర్వాహకుడు:
ఆ ఒక్క పాటలో మూడు జంటలు పడవెక్కుతాయి. ఏ జంటకూ నడిపేవాడి అవసరం రాదు. కాబట్టి ఈ విరుపు చమత్కారం కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు, ఘట్టంలోనే ఉంది. మొదటి పద్యంలో సినిమా పేరు కూడా తెలియనివ్వని మనిషి ఇంత దూరం వచ్చారు. వెన్నెలదారి గారికి వీరతాడు!

నా వంతుగా నాది కూడా పెడుతున్నాను. అదే సినిమాలో, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లి పాట పాడుకునే చోటు. సుశీల గారి గొంతు సాగుతూ సాగుతూ ఉండగా ఘంటసాల గారి గొంతు బయటపడుతుంది. ఆ క్షణంలో సావిత్రి భుజాలు మారిపోతాయి, అడుగు బరువెక్కుతుంది. మళ్లీ చటుక్కున సర్దుకుంటుంది.

కలికి నడక లోన గదపట్టు బిగువుతో
దనుజ వీరు డొకడు దాగి నవ్వె
సాటి లేని నటన సావిత్రి మోమున
రంగు లేని చోట రంగు లొలికె

ఓరుగల్లు మాస్టారు:
"గదపట్టు బిగువు" చాలా బాగుంది. ఆ నడకను ఇంతకంటే దగ్గరగా చెప్పలేం. అయితే మూడో పాదంలో "సాటి లేని నటన" అని మీరే తీర్పు చెప్పేశారు. మొదటి రెండు పాదాలు చూపించాయి, మూడోది పొగిడింది. పైన మాకు పెట్టిన షరతు ఇక్కడ మీకూ వర్తిస్తుంది. "సిగ్గు లోన వీర" అనో మరోలానో మొదలుపెట్టి ఆ మోములో ఏం కనిపించిందో చెప్పి చూడండి, యతి ఎలాగూ మార్చుకోవాల్సి వస్తుంది.

నిర్వాహకుడు:
మాస్టారూ, ఆ మాట ఒప్పుకుంటాను. సావిత్రి పేరు పక్కన ఆ విశేషణం వేయకుండా ఉండటం నాకు కష్టం, అయినా ప్రయత్నిస్తాను.

ఈ వారం ఎంపిక వెన్నెలదారి గారి సరంగు పద్యం. బళ్లారి బండి గారి సవరించిన పద్యం దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. వచ్చే వారం అరవైల సినిమాలు, ముఖ్యంగా పాటలు. ఆటవెలదే. సమస్య ఇది:

కన్ను మూసి చూడ కాన వచ్చె