టెక్కలి పెరట్లో రోడోడెండ్రాన్ పెరుగుతుందా?

ప్రశ్న (టెక్కలి):
సిక్కిం వెళ్లిన మా తమ్ముడు ఎర్రని గుత్తులతో విరగబూసిన రోడోడెండ్రాన్ ఫొటోలు పంపినప్పటి నుంచి, ఒక్క మొక్కైనా పెంచాలని మనసు పడుతున్నాను. మాది ఎర్రమట్టి, బోరు నీళ్లు. కుండీలో పెడితే నిలబడుతుందా?

జవాబు (బొబ్బిలి):
నిలబడదనే చెబుతానండి. ఈ ప్రజాతిలో సుమారు వెయ్యి జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం హిమాలయాలు, నైరుతి చైనా, ఆగ్నేయాసియా కొండలకు చెందినవే. వాటిలో ఆర్బోరియం అనే ఎర్రపూల జాతి ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. దాని ఉపజాతి ఒకటి నీలగిరుల్లో ఉన్నా, అది కూడా ఎత్తైన చల్లని చోట్లకే పరిమితం. వేర్లు వెంట్రుకల్లా సన్నగా నేల పైపొరలోనే అల్లుకుంటాయి కనుక, మట్టి వేడెక్కినా నీరు నిలిచినా ముందుగా అవే దెబ్బతింటాయి. మన వేసవి రాత్రుల ఉక్కను అది ఓర్చుకోలేదు.

జవాబు (నరసన్నపేట):
బోరు నీళ్లూ చిక్కే. దీనికి పీహెచ్ 4.5 నుంచి 6 వరకు ఉండే ఆమ్లనేల కావాలి. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండగానే మిగతా ఆకంతా పసుపెక్కుతుంది. అజేలియా పేరుతో అమ్మేవీ ఈ ప్రజాతివే. ఇంట్లో మేకలుంటే అసలే వద్దు, ఆకుల్లో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
మేకలున్నాయండి, మానుకుంటాను. గుత్తులుగా పూసే మరో మొక్క చెప్పగలరా?

జవాబు (బొబ్బిలి):
నూరువరహాలు నాటండి. అదీ కొంత ఆమ్లనేలనే కోరుతుంది కానీ, మన ఉక్కకు బెదరదు. తొలకరి పడ్డాక పశువుల ఎరువు కలిపి పెడితే త్వరగా నాటుకుంటుంది.