రియల్ మాడ్రిడ్ అనడం తప్పా?

బంతిపిచ్చి: స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్బు పేరుని మన పత్రికలన్నీ ‘రియల్ మాడ్రిడ్’ అనే రాస్తాయి. నా లెక్కలో అది తప్పు. అది ఇంగ్లీషు రియల్ కాదు, స్పానిష్ రెఆల్. ‘అసలైన’ అని కాదు, ‘రాజుగారి’ అని అర్థం. 1902లో క్లబ్బు పెట్టినప్పుడు పేరులో ఈ మాటే లేదు. 1920లో రాజు పదమూడో అల్ఫోన్సో బిరుదుగా ఇచ్చాడు. 1931లో రాచరికం పోగానే పేరులోంచి రెఆల్, చిహ్నంలోంచి కిరీటం ఊడాయి. 1941లో తిరిగొచ్చాయి. ‘అసలైన’ అనే అర్థమే అయితే రాజు పోతే ఆ మాటెందుకు పీకేస్తారు?

చాయ్‌బ్రేక్: అన్నా, పారిస్‌ని ఫ్రెంచివాళ్లు పారీ అంటారు. మనం అంటున్నామా? స్పెయిన్‌లో చాలామంది మాడ్రిడ్ చివరి డ కూడా మింగేసి ‘మద్రీ’ అంటారు. సగం దిద్ది సగం వదిలేస్తావా?

పాతక్షరం: దిద్దేపనైతే మొదటి అక్షరం నుంచే దిద్దండి. స్పానిష్‌లో మాట మొదట్లో వచ్చే ర నాలుక అదిరేలా పలకాలి. మన బండి ఱ మూలన పడి ఉంది, ‘ఱెఆల్’ అని రాస్తే దానికీ పని దొరుకుతుంది! అర్థం మాత్రం బంతిపిచ్చి గారు చెప్పినంత తేలిక కాదు. స్పానిష్‌లో ‘రాజుగారి’, ‘నిజమైన’ రెంటికీ రెఆలే. లాటిన్‌లో రాజుది రెగాలిస్, వస్తువుకు చెందినది రెయాలిస్. గ అరిగిపోయి రెండూ కలిసిపోయాయి. ఇంగ్లీషులో రాయల్, రియల్ విడిగానే మిగిలాయి.

సావోపాలో సుబ్బు: బ్రెజిల్‌లో 1994 జూలై 1 నుంచి డబ్బు పేరు కూడా ఇదే. కానీ మొదటి ర మన హలా, చివరి ల వ్‌లా పలికి ‘హెయావ్’ అంటారు. ఒకటి దాటితే ‘హెయాయ్స్’. వచ్చిన కొత్తలో సంతలో మామిడిపళ్లామె ‘సింకు హెయాయ్స్’ అంటే అదేదో పండు రకమనుకుని అదే ఇమ్మన్నాను. పాపం, ఐదు వేళ్లు చూపించింది. పోర్చుగల్‌లో ర గొంతులోంచి వస్తుంది, చివరి ల మాత్రం నిలుస్తుంది.

జగిత్యాల పోరడు: మా దిక్కు రియాల్ అంటె తెల్వని ఇల్లు లేదు. మా నాయిన సౌదీల ఉన్నన్నొద్దులు నెలనెలా దాని రేటే చూసెటోళ్లం. గా రియాల్ గుడ స్పెయిన్ వెండి రెఆల్ పేరే. అరబ్బులు మార్సుకుంటె తప్పు గాదు గని, మనం మార్సుకుంటె తప్పా?

బంతిపిచ్చి: తమ్మీ, వాళ్లు చెవితో విని మార్చుకున్నారు. మనం ఇంగ్లీషు కళ్లద్దాలు పెట్టుకుని చదివాం. నువ్వు ‘రియాల్ మాడ్రిడ్’ అను, నోరెత్తను.

చాయ్‌బ్రేక్: అక్కడి అభిమానులు అరిచేది ‘అలా మద్రీ’ (పద మాడ్రిడ్!) అని. అందులో రెఆలే లేదు. నేను అదే అరుస్తా, పో.