మోల్ ట్రాపుల్లో నాణ్యమైనవి ఎలా గుర్తుపట్టాలి? ఏ పనిముట్లు కొనాలి?

లాన్‌రాజు:

అందరికీ నమస్కారం. మా లాన్‌లో మోల్ (నేల కింద సొరంగాలు తవ్వే చిన్న జంతువు) పడింది. పొద్దున లేచి చూస్తే ఎక్కడపడితే అక్కడ మట్టి కుప్పలు. కుప్పకీ కుప్పకీ మధ్య నేల ఉబ్బిపోయి, కాలు వేస్తే కసుక్కున దిగుతోంది. గడ్డి విషయంలో నా చాదస్తం ఇంట్లో అందరికీ తెలుసు, కాబట్టి నా టెన్షన్ ఎంతో మీరే ఊహించుకోండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తే కత్తెర రకం ట్రాపులు ఒక సెట్టు తెప్పించాను. ఒకదాని దవడ మొదటిసారి బిగిస్తుంటేనే పక్కకు వంగిపోయింది. ఇంకోదాన్ని సొరంగంలో పెడితే మర్నాటికి దాన్నిండా మట్టి. ట్రాపు మాత్రం బిగించింది బిగించినట్టే ఉంది. మోల్ దర్జాగా దాన్ని పూడ్చేసి పోయిందన్నమాట. అంతకుముందు సోలార్‌తో నడిచే శబ్దం పరికరం ఒకటి పాతాను. దాని పక్కనే కొత్త కుప్ప లేచింది, ఇక దాని గురించి అడగకండి.

ఈసారి డబ్బు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, పనికొచ్చేది కొనాలి. కత్తెర రకమా, బల్లెం రకమా (పై నుంచి ముళ్ళు దిగేది), తీగ ఉచ్చు రకమా? చేతిలోకి తీసుకుని చూస్తే మంచిదో కాదో తెలుస్తుందా? ట్రాపు కాక ఇంకేం కావాలి? ఇంట్లో కుక్క ఉంది, విషం మాట వద్దు.

తోటపిచ్చి:

రాజు గారూ, మీరు ఫోటో పెట్టలేదు కాబట్టి అడుగుతున్నాను, అది మోలేనా? మోల్ కుప్ప గుండ్రంగా ఉంటుంది, మట్టి నడిమధ్యలోంచి పైకి వచ్చినట్టుంటుంది. కుప్ప విసనకర్రలా ఒక పక్కకే పరుచుకుని, ఓ అంచున మట్టితో మూసేసిన రంధ్రం కనిపిస్తే అది గోఫర్, సొరంగాలు తవ్వే ఇంకో జంతువు. నేల ఉబ్బకుండా గడ్డిలోనే సన్నటి దారులు పడి, చెట్ల మొదళ్ళ దగ్గర బెరడు కొరికేసి ఉంటే వోల్, ఎలుకలాంటి చిన్న జంతువు. వోల్‌కి మామూలు ఎలుకల ట్రాపులో కాస్త వేరుశనగ వెన్న రాసిపెడితే సరిపోతుంది. మోల్ దాని జోలికే రాదు. దానికి కావలసింది వానపాములు, నేలలోని పురుగులు. రోజుకి దాదాపు తన బరువంత తినగలదు. మోల్ ట్రాపులో ఎర పెట్టే చోటే ఉండదు, అది నడిచే దారిలోనే ట్రాపు ఉండాలి.

ఇంకోటి, లాన్‌లో వేరుపురుగుల మందు కొడితే మోల్ పోతుందని ఎవరైనా చెబితే వెంటనే డబ్బు తీయకండి. పురుగులు చచ్చినా వానపాములు ఉన్నంతకాలం దానికి తిండికి లోటు లేదు.

మైదానంమనిషి:

ఆటస్థలాల గడ్డి చూసుకోవడం నా ఉద్యోగం. ఈ జంతువుతో నాకు పాత పరిచయమే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఏ ట్రాపు మంచిదని అడిగే ముందు మీ సొరంగం ఎంత లోతులో ఉందో చూసుకోవాలి. నేల పైపైన ఉబ్బి కనిపించేవి మేత కోసం తవ్వినవి. వాటిలో చాలావాటిలోకి మోల్ మళ్ళీ రాకపోవచ్చు. అసలు దారి 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతులో ఉంటుంది, కంచె వెంబడో కాలిబాట పక్కనో తిన్నగా పోతుంది, మోల్ రోజూ అందులోనే తిరుగుతుంది. బల్లెం రకం పైపై సొరంగాలకే. లోతు దారిలో అయితే కత్తెర రకమో, సొరంగంలోపలే కూర్చునే పటకారు రకమో పెట్టాలి. తీగ ఉచ్చు రకం కూడా లోతుకి బాగానే పనిచేస్తుంది, కానీ దాన్ని దించడానికి గుంత కొలత పెట్టి తవ్వాలి. కొత్తవాళ్ళకి చిరాకు.

ఇక నాణ్యత సంగతి. ట్రాపు చేతికి రాగానే నేను చేసే మొదటి పని, దవడలు మూసి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకోవడం. రెండు అంచులూ ఈ చివర నుంచి ఆ చివరి దాకా కలవాలి. ఒక మూల ఆనుకుని ఇంకో మూల వెలుతురు కనిపిస్తే ఆ ట్రాపు సరిగా పట్టదు. సగం పట్టుకుని మోల్‌ని గంటల తరబడి హింస పెడుతుంది. చంపక తప్పనప్పుడు ఒక్క దెబ్బలో పోవాలి, నేను నాణ్యమైనదానికి డబ్బు పెట్టేది ముందుగా అందుకే. తర్వాత దవడల్ని అటూ ఇటూ మెలితిప్పి చూస్తాను. రివెట్ దగ్గర లొడలొడలాడితే పక్కన పెట్టేస్తాను. మీ ట్రాపు దవడ వంగిందన్నారు కదా, అది పలచటి రేకుని అచ్చుకొట్టి చేసినది అయ్యుంటుంది. మందపాటి ఉక్కు పట్టీతోనో స్ప్రింగు ఉక్కు కడ్డీతోనో చేసినది అంత తేలిగ్గా వంగదు.

ట్రాపు పనిచేస్తుందా లేదా అన్నది ఎక్కువగా ట్రిగ్గర్ కొక్కెం (బిగించిన దవడల్ని పట్టి ఉంచేది) మీదే ఆధారపడి ఉంటుంది, షాపులో దాన్ని ఎవరూ చూడరు. కొక్కెం ఆనే అంచు మీద గోరు పెట్టి లాగండి. గరుకు తగిలితే పోత పోసినప్పుడో కోసినప్పుడో మిగిలిన బొడిపె ఉన్నట్టే, ఆకురాయితో రెండుమూడు సార్లు రుద్దితే పోతుంది. తర్వాత ట్రాపు బిగించి, నేల మీద పెట్టి, మధ్యలో ఉన్న రేకుని పుల్లతో కింది నుంచి పైకి మెల్లగా నెట్టండి (వేలితో కాదు, దయచేసి). చిన్నగా నెట్టగానే టప్పున పడాలి. పుల్ల వంగేదాకా పడకపోతే మోల్ కూడా దాన్ని పడెయ్యలేదు, మట్టి నెట్టుకుంటూ పక్క నుంచి పోతుంది. మీ రెండో ట్రాపుకి జరిగింది ఇదే అనుకుంటున్నాను. అలాగని ఊపిరి తగిలితే పడేంత తేలిక చేయకండి, పైన మట్టి కప్పుతుండగానే పడిపోతుంది.

స్ప్రింగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బిగించడానికి కష్టపడాలి, అంతే. ఒక్క చేత్తో తేలిగ్గా తెరుచుకుంటే వద్దు. పని అయ్యాక బిగించి ఉన్నదాన్ని అలాగే షెడ్డులో పడేయకండి. పై రంగు చూసి మోసపోకండి, రంగు మట్టిలో నిలవదు. జింక్ పూత ఉంటే నయం. కొత్తదాని మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది కాబట్టి సబ్బునీళ్ళతో కడిగి కొన్నాళ్ళు తోట మట్టిలో పూడ్చి ఉంచుతాను, అప్పుడే వాడతాను.

పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. కత్తెర రకంలో విక్టర్ వాళ్ళ ‘అవుట్ ఓ సైట్’, పటకారు తరహాలో టాల్పెక్స్, తీగ ఉచ్చులో నాష్. వాటినే కొనమని కాదు, వాటి తయారీ చూస్తే మిగతావాటిని పోల్చుకోవచ్చు.

ఉన్న డబ్బులో ట్రాపులు ఒకటి తగ్గించుకునైనా సరే, మంచి చువ్వ ఒకటి కొనండి. ప్రోబ్ అని అమ్ముతారు. చేతిపిడి టీ ఆకారంలో, దాదాపు మోకాలెత్తు నిడివి, చివర చిన్న ఉబ్బు ఉండాలి. ఆ ఉబ్బు వల్ల చువ్వ మట్టిలోకి దిగేటప్పుడు పక్కలు రాసుకోవు, ముందేముందో చేతికి తెలుస్తుంది. రెండు కుప్పల మధ్య, కుప్పకి ఓ జానెడు దూరంలో, మెల్లగా గుచ్చుతూ పోండి. గట్టిగా దిగుతూ దిగుతూ ఒక్కసారి జర్రున జారి మళ్ళీ ఆగితే సొరంగం దొరికినట్టు. ఒక్కచోట దొరికితే చాలదు, ఆ వరసలో ఇంకోచోట కూడా గుచ్చి అది ఎటు పోతోందో తెలుసుకుంటేనే ట్రాపు సరైన దిక్కులో కూర్చుంటుంది. అక్కడ వేలు పట్టేంత కన్నం చేసి వదలండి. 24 గంటల్లో అది పూడితే దారి వాడుకలో ఉన్నట్టు.

సన్నటి చేతిపార, తోలు గ్లోవ్స్, గుర్తు కోసం రంగు జెండాలు కూడా ఉంచుకోండి. జెండా పెట్టకపోతే గడ్డి కోసే యంత్రం కింద ట్రాపు పడుతుంది.

రిటైర్డ్‌టీచర్:

బాబూ రాజూ, మైదానంమనిషి గారు బల్లెం రకాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను ఒప్పుకోను. నా చేతుల్లో పట్టు తగ్గింది, కత్తెర ట్రాపు తెరవాలంటే మీట లేకుండా నా వల్ల కాదు. బల్లెం రకమైతే కాళ్ళతో నేలకి అదిమిపెట్టి పైపిడి లాగితే సరి. మా నేల మెత్తన, సొరంగాలు పైపైనే, అదే నాకు పనికొచ్చింది. రాళ్ళ నేలలో మాత్రం ముళ్ళు దిగవు, అక్కడ కొనడం దండగ.

కొనేటప్పుడు ముళ్ళు తిన్నగా ఉన్నాయా, స్ప్రింగు చుట్టు మధ్యలో రాడ్డు అడ్డం లేకుండా జారుతోందా చూసుకో. పెట్టేటప్పుడు సొరంగం పైకప్పు అరచేతితో అదిమి, ట్రిగ్గర్ రేకు ఆ అదిమిన చోట ఆనేలా నిలపాలి. బిగించే ముందు ముళ్ళని రెండుమూడు సార్లు అదే చోట దించి తీయాలి, లేకపోతే గడ్డివేళ్ళకి తట్టుకుని ఆగిపోతాయి. మోల్ పైకప్పు మళ్ళీ ఎత్తగానే పడుతుంది.

కుక్క ఉందన్నావు, ట్రాపు మీద బకెట్టు బోర్లించి పైన ఇటుక పెట్టు. నేలలో నీళ్ళ పైపు ఉంటే ముళ్ళు దానికి తగలకుండా చూసుకో. వానపాము ఆకారంలో మెత్తటి ఎరలు అమ్ముతారు, వాటిలో బ్రోమెథలిన్ ఉంటుంది, విరుగుడు లేని మందు. విషం వద్దనుకోవడం మంచి పనే.

లాన్‌రాజు:

అందరికీ చాలా థ్యాంక్స్. తోటపిచ్చి గారూ, కుప్పలు గుండ్రంగానే ఉన్నాయి, మోలే. చువ్వతో గుచ్చితే కంచె పక్కన తిన్నటి దారి దొరికింది, నా అరచేయంత లోతులో ఉంది. కన్నం చేస్తే పొద్దుటికి పూడిపోయింది! కానీ మా నేల ఇసుక పాలు ఎక్కువ, గుంత తవ్వగానే పక్కలు కూలుతున్నాయి. కత్తెరా, టాల్పెక్సా? పైగా మా ఆవిడ ప్రాణాలతో పట్టుకుని దూరంగా వదలమంటోంది.

మైదానంమనిషి:

ఇసుక నేలకి టాల్పెక్స్. కత్తెర రకంలో సొరంగం ఆకారం నిలబడాలి, మీ దగ్గర అది కూలుతుంది. టాల్పెక్స్‌ని గుంతలో దించాక చుట్టూ, దవడల మధ్యా వదులు మట్టి నింపేయొచ్చు. మోల్ ఆ మట్టిని నెట్టుకుంటూ వచ్చి ట్రిగ్గర్‌ని ఎత్తేస్తుంది. మట్టిలో గులకరాళ్ళు మాత్రం ఉండకూడదు, దవడ మధ్య ఒక్క రాయి చిక్కినా పూర్తిగా మూసుకోదు. రాళ్ళున్నచోట మట్టిని జల్లించి వేస్తాను. దాని స్ప్రింగు మహా బలం, బిగించేటప్పుడు జాగ్రత్త.

టీచర్ గారూ, మెత్తని నేలకి బల్లెం విషయంలో మీరన్నది నిజమే.

బతికుండగా పట్టే ట్రాపు గురించి మీ ఆవిడకి ఒక్క విషయం చెప్పండి. మోల్ కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది. రాత్రీ పగలూ కొన్ని గంటలకోసారి వెళ్ళి చూడగలిగితేనే అది దయ, లేకపోతే ఆకలితో చంపినట్టు. దూరంగా వదలడానికి కూడా కొన్నిచోట్ల అనుమతి ఉండదు. అలాగే చంపే ట్రాపుల్ని నిషేధించిన ప్రాంతాలూ ఉన్నాయి, కొనేముందే మీ దగ్గరి నిబంధనలు చూడండి.

పెట్టాక రోజూ చూడండి. రెండుమూడు రోజుల్లో పడకపోతే తీసి, అదే దారిలో ఇంకో చోట పెట్టండి. పడిన తర్వాత అన్ని కుప్పలూ చదును చేసి, ఉబ్బిన చోట్లన్నీ తొక్కేయండి. ఖాళీ అయిన సొరంగంలోకి పక్క నుంచి ఇంకో మోల్ వస్తుంటుంది. తొక్కిన చోట నేల మళ్ళీ లేస్తే ట్రాపు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది.